పారబోయు నీటికి పూచు నీటిగొబ్బి

ధర్మవరము జంక్షను నుండి పెనుకొండ మీదుగా హిందూపురమునకు, అచటి నుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గము వెంట వేసవిలో ప్రయాణించువారికి ఇరువైపుల కనుపించునవి ఎఱ్ఱనేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, పంట తీసిన వేరుశనగ చేలు, వాటి నడుమ సర్కారు తుమ్మ పొదలు. పాత అనంతపురము జిల్లాలో సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము చాలవరకు కోస్తాలోనే కురిసి వట్టిపోవును. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణములును చేరినవి గాని, జిల్లా పేరు మారినంతమాత్రమున వాన పెరుగదు గదా! ఇట్టి చోట తడినేలను కోరు పూమొక్కను పెంచుడని చెప్పుట కొందరికి పరిహాసముగా తోచవచ్చును.

అయినను ఎంతటి కరవు సీమలోనైనను ప్రతి గ్రామమునందును ఒక తడిచోటు ఉండనే ఉండును. వీధి కుళాయి దిమ్మె క్రింద, చేతిపంపు ప్రక్కన, పశువుల తొట్టి అంచున, బడిపిల్లలు చేతులు కడుగుకొను చోట, ఇంటివెనుక పాత్రలు తోము బండ చెంత ఏడాది పొడవునా నేల తడిసియుండును. ఆ నీరు వీధిలోనికి పారి బురదయగును, దోమలకు నిలయమగును, పంచాయతివారికి తలనొప్పియగును. మేము ఈ వ్యాసమున చెప్పబోవునది ఆ నీటిని గూర్చియే. మొదటనే ఒక నియమము చెప్పెదము. ఈ మొక్క కొఱకు ఒక్క బిందెడు మంచినీటిని కూడ చేదవలదు. బిందె కొఱకు మైలు నడచు తల్లులున్న సీమలో పూలకు నీళ్ళు పోయుడని చెప్పుటకు మాకు నోరు రాదు. ఎట్లును పోవు నీటికి దారి చూపినచో చాలును. తక్కిన పని మొక్కయే చేసికొనును.

ఆ మొక్క పేరు నీటిగొబ్బి. నీరుగొబ్బి యనియు అందురు. సంస్కృతమున దీనికి కోకిలాక్షము, ఇక్షురము అను పేర్లు కలవు. అమరకోశములోని వనౌషధివర్గమున ఇవి కానవచ్చును. పచారికొట్లలో తాలమఖానా యని అమ్ము సన్నని గోధుమవన్నె గింజలు దీని విత్తనములే. పట్టణములలో ఇటీవల వేయించి తినుచున్న తెల్లని మఖానా వేరు. అది చెరువులలో తేలు మరియొక మొక్క గింజ. పేరు చూచి మోసపోరాదు.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని పూర్వము ఆస్టరకాంత లాంగిఫోలియా యని పిలిచిరి. 1962 నుండి హైగ్రోఫిలా ఆరిక్యులాటా అను పేరు వాడుకలోనికి వచ్చినది. ఇప్పుడు కొందరు హైగ్రోఫిలా షుల్లి యని వ్రాయుచున్నారు. ఈ షుల్లి యనునది మలయాళదేశమున ఈ మొక్కకు గల చుళ్ళి యను పేరే. డచ్చివారి కాలమున, 1678 మొదలు 1693 వఱకు వెలువడిన హోర్టస్ మలబారికస్ అను మహాగ్రంథములో ఆ పేరు చేరి, అందుండి శాస్త్రమునకు ఎక్కినది. హైగ్రోఫిలా అను గ్రీకు మాటకు తడిని ప్రేమించునది యని అర్థము. నీటిగొబ్బి యని మన పెద్దలు పెట్టిన పేరునకు ఇది చాల దగ్గఱగా ఉన్నది.

మొక్క ఆనవాలు

నీటిగొబ్బి కనకాంబరము, అడ్డసరము, నేలవేము మొదలగువాని కుటుంబములోనిది. మంచి తడి దొరకినచో నాలుగైదు అడుగుల ఎత్తు వఱకు నిటారుగా పెరుగును. తడి చాలనిచో రెండడుగులకే ఆగిపోవును. కాండము గరుకైన నూగుతో నిండి, కణుపుల వద్ద లావై యుండును. ప్రతి కణుపునందును సన్నని పొడవాటి ఆకులు ఆరు, చుట్టుగా అమరియుండును. వెలుపలి రెండు పెద్దవి, లోపలి నాలుగు చిన్నవి. ఆకులతోపాటు పసుపుపచ్చని వాడిముళ్ళు ఆరు, అంగుళమునకు పైబడిన పొడవు గలవి, నలువైపులకు నిక్కి నిలిచియుండును. ఆ ముళ్ళ నడుమనే పూలు. వాని వన్నె ఊదా కలిసిన నీలము. పూవు రెండు పెదవులుగా విచ్చుకొని, క్రింది పెదవిపై పచ్చని మచ్చ కలిగియుండును. తుమ్మెద వచ్చి వ్రాలునది అచటనే.

మెట్టచేల గట్లపై పసుపుపచ్చని పూలు పూయు ముళ్ళగోరింటను చూచి కొందరు ఇదే గొబ్బియని భ్రమపడుదురు. అది దీనికి దాయాది. నీళ్ళు లేకున్నను బ్రదుకును. ఊదాపూలు, కణుపునకు ఆరేసి ముళ్ళు, కాళ్ళ క్రింద తడి, ఈ మూడును కలిసినచోటనే నీటిగొబ్బి.

దీని విత్తనములో ఒక విచిత్రమున్నది. పొడిగా నున్నప్పుడు చేతిలోనుండి జారిపోవు గింజ, నీటిచుక్క తగిలినంతనే చుట్టును జిగురు కట్టుకొని వ్రేలికి అంటుకొనును. గింజపై అణగియున్న సన్నని నూగు నీటిని పీల్చి పొంగుటచే ఇట్లగును. నీరు తీసిన బురదలో గింజ కొట్టుకొనిపోక నిలుచుటకు, చెరువున దిగిన పక్షుల కాళ్ళకంటి మరియొక చెరువునకు చేరుటకు ఈ జిగురు సాయపడును. బడిలో ఉపాధ్యాయులు గాజుగ్లాసులో నాలుగు గింజలు వేసి చూపినచో పిల్లలు ఈ పాఠమును మఱువరు.

చెరువు అంచు

ఈ మొక్క పుట్టినిల్లు చెరువు అంచు. మన సీమకు చెరువులు ఎంతటి ప్రాణాధారములో పెనుకొండయే చెప్పును. విజయనగర రాజ్యకాలమున, 1388 నాటి శాసనమొకదానిలో ఒక ముచ్చట కలదు. ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి, జలసూత్రమునందు నేర్పరియైన సింగాయభట్టును పిలిచి, పెన్నానదిని పెనుకొండకు తీసికొని రావలెనని ఆజ్ఞాపించెను. సింగాయభట్టు శిరువేర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ యని పేరు పెట్టెను. రాజునకు నీటి ఇంజనీరు అంత ముఖ్యుడైన సీమ ఇది. ధర్మవరము చెరువు, చిత్రావతిపై బుక్కపట్నము చెరువు, ఇంకను ఊరూర గల కుంటలు అట్టి శ్రద్ధకు గుర్తులు. చెరువు నిండి మరువ పారిన సంవత్సరము గంగపూజ చేసి ఊరంతయు పండుగ చేసికొనుట నేటికిని ఉన్నది.

చెరువనగానే మనకు కట్ట, తూము, మరువ జ్ఞప్తికి వచ్చును. అంచు జ్ఞప్తికి రాదు. కట్టకు ఎదుటివైపున, పైనుండి నీరు వచ్చు దిక్కున, నేల మెల్లగా పల్లమునకు జారుచుండును. వానకాలమున అది నీటిలో మునుగును. చలికాలమున నీరు వెనుకకు తీసినకొలది జానెడు జానెడుగా బురద బయటపడును. నీరును గాక నేలయును గాని ఈ పట్టీయందే తుంగ, పొన్నగంటి, గుంటగలగర, నీటిగొబ్బి మొలచును. కప్పలు అచటనే దాగును. కొంగలు అచటనే ఏరుకొని తినును. హిందూపురమునకు సమీపముననున్న వీరాపురములో చింతచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను లేపుటకు ఏటేట వచ్చు పెద్దకొంగలను చూచుటకు దూరప్రాంతముల వారు కూడ పోవుచుందురు. గ్రామస్థులు వానిని తమ ఇంటి బిడ్డలవలె కాపాడుట ప్రశంసనీయము. కాని చెట్లు చింతోపులో ఉన్నను, కొంగపిల్ల నోటికి అందు చేప చుట్టుపట్ల చెరువులలోనిదే.

ఆ అంచు ఇప్పుడు తరిగిపోవుచున్నది. వరుసగా ఏండ్ల తరబడి నిండని చెరువులలో సర్కారు తుమ్మ అల్లుకొనినది. పూడిక తీయు పనిలో యంత్రములతో అంచును గోడవలె నిలువునా కోసిన చోట్ల, నీరు ఒక్కసారిగా లోతగుటచే బురదపట్టీయే మిగులలేదు. పూడిక తీయుట వలదని మా మాట కాదు. ఆ మన్ను చేలకు బలము, చెరువునకు లోతు. ఒకవైపునైనను వాలు మిగిల్చి తీసినచో మేలని మాత్రమే మేము చెప్పుచున్నాము.

2016లో హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణాజలములు పెనుకొండ సమీపముననున్న గొల్లపల్లి జలాశయమునకు చేరినవి. ఎండిన చెరువునకు నీరు మరల వచ్చుట మన కన్నులయెదుటనే జరిగిన సంగతి. కాని నీరు వచ్చినంతనే అంచు రాదు. విత్తనము నేలలో మిగిలియున్న చోటనో, ప్రక్కనుండి ఎగిరివచ్చినచోటనో మాత్రమే అది పచ్చబడును. ఇరువదేండ్లు తుమ్మ క్రింద నున్న నేలలో ఏ విత్తనములు మిగులునో ఎవరు చెప్పగలరు? కనుకనే పెరటిలోని ఆరడుగుల తడిమడి చెరువునకు విత్తనపు గరిసె వంటిదని మా అభిప్రాయము. చెరువు నిండునంతవఱకు ఊరిలో గొబ్బి బ్రదికియుండవలెను.

పురుగుల పాలు

పూలమొక్కను పెంచువారు ఆకుపై పురుగు కనబడగానే మందుకొఱకు పరుగెత్తుదురు. నీటిగొబ్బి విషయమున ఈ అలవాటు మానవలెను. ఆకులను పురుగు తినుటకే దీనిని పెంచుచున్నాము!

ఈ మాట హిందూపురము వారికి సులభముగా బోధపడును. పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరుపొందిన ఊరది. ఆ చుట్టుపట్ల ఎందరో రైతులు రాత్రి నిద్రమాని లేచి పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయుదురు. పురుగు నాలుగుమార్లు కుబుసము విడిచి, అయిదవ దశలో ఆకును వానచప్పుడువలె నములుచుండగా విని సంతోషించుదురు. ఆ దారమే ధర్మవరము మగ్గములపై పట్టుచీరెయగును. ఆకు పురుగు పాలగుట నష్టము కాదని ఇంతకంటె బాగుగా తెలిసినవారెవరు? మల్బరీ పట్టుపురుగునకెట్లో, గొబ్బి సీతాకోకచిలుకకు అట్లు. తేడా యొక్కటే: ఈ గూటిని అమ్ముకొనలేము.

గొబ్బి ఆకుపై పెరుగు చిలుకలలో ముఖ్యమైనది నారింజవన్నె రెక్కలపై నెమలికన్నులవంటి మచ్చలు గలది. శాస్త్రజ్ఞులు జునోనియా ఆల్మానా యందురు. అదే జాతిలో బూడిదవన్నెది మరియొకటియు, నిమ్మపండు చాయ గల మచ్చలది ఇంకొకటియు గొబ్బిపై గ్రుడ్లు పెట్టును. తల్లిచిలుక గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టి పోవును. వెలువడిన పురుగు నల్లగా, ఒడలెల్ల కొమ్మలు వేసిన ముళ్ళతో భయంకరముగా కనుపించును గాని కుట్టదు. పెరిగిన పిమ్మట తోకతో కాండమునకు అంటుకొని తలక్రిందులుగా వ్రేలాడి గూడుగా మారును.

నెమలికన్నుల చిలుకలో మరియొక వింత. వానకాలమున పుట్టినదాని రెక్కల అంచు గుండ్రముగా నుండి, అడుగుభాగమున కూడ కన్నులు స్పష్టముగా కానవచ్చును. ఎండకాలమున పుట్టినదాని రెక్కలు కొసలు తేలి, అడుగుభాగము అచ్చముగా ఎండుటాకువలె నుండును. రెక్కలు ముడుచుకొని కూర్చున్నచో పిట్టకంటికి ఆనదు. ఒకే తల్లి సంతతి కాలమును బట్టి రెండు రూపములు తాల్చుచున్నది! పెరటిలో గొబ్బిమడి యున్నవారు కార్తికమున ఒక రూపమును, మాఘఫాల్గునములలో రెండవ రూపమును స్వయముగా చూడవచ్చును.

రైతు సోదరులకు ఒక సందేహము రావచ్చును: ఈ పురుగులు పంటపై పడవా? పడవు. వేరుశనగను పాడుచేయు ఎఱ్ఱగొంగళి వేరు, ఆకుముడుత పురుగు వేరు. ఎఱ్ఱగొంగళికి ఒత్తైన బొచ్చుండును. గొబ్బిపై పురుగునకు బొచ్చు కాక కొమ్మలుగల ముళ్ళుండును. గొబ్బిపురుగు తన మొక్కను, దానికి దగ్గఱి కొన్ని మొక్కలను తప్ప వేఱొకదానిని కోరదు. మల్బరీ తోట ప్రక్కన గొబ్బి యున్నను భయము లేదు. భయమంతయు మందు చల్లుటలోనే యున్నది. గొబ్బిపై చల్లిన మందు గాలికి మల్బరీపై పడినచో చిలుకలతోపాటు పట్టుపురుగులును చచ్చును.

తేనెటీగలు, నల్లతుమ్మెదలు పూలకు వచ్చును. మెట్టసీమలో ఆశ్వయుజము దాటిన పిమ్మట పూలు అరుదగును గదా. అప్పుడు పూచు మొక్క యగుటచే దీనికి విలువ హెచ్చు. ముళ్ళు దట్టముగా నుండుటచే కప్పలు, తొండలు, చిన్నపిట్టలు పిల్లులకు అందక మొదట దాగియుండగలవు.

మడి సిద్ధపరచు విధము

చోటు ఎన్నుకొనుటలో ఎండను ముందు చూడవలెను. చెట్టునీడలో గొబ్బి సాగి వ్రాలిపోవును, పూలు తగ్గును. నడకదారికి, పిల్లలు ఆడుకొను చోటునకు కనీసము నాలుగడుగుల దూరముండవలెను. ముల్లు వాడియైనది, పొడిబారిన తరువాత మఱింత వాడియగును. త్రాగునీటి బావి అంచున, బోరు దిమ్మెను అంటి పెట్టరాదు. పారిన నీరు ఇంకి మరల త్రాగునీటిలో కలియకుండ దూరముగా తీసికొనిపోవలెను.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల మడి ఒక కుటుంబమునకు చాలును. మూరెడు లోతున త్రవ్వుడు. హిందూపురము, పెనుకొండల చుట్టును గల ఎఱ్ఱయిసుక నేల నీటిని నిలుపదు. పోసినది పోసినట్లే క్రిందికి జారును. కనుక అడుగున జానెడు మందము చెరువుమన్ను పఱచి, తడిపి, కాళ్ళతో తొక్కి గట్టిపరచవలెను. పైన మిగిలిన మన్నును చెరువుమన్నుతో సగపాలు కలిపి నింపవలెను. ఎరువు అక్కరలేదు, బలమెక్కువైనచో ఆకు పెరిగి పూవు తగ్గును. చెరువుమన్ను తెచ్చునప్పుడు నడుమ నుండి కాక అంచునుండి తెచ్చుట మంచిది. ఆ మన్నులో తరచు గొబ్బి, గుంటగలగర, పొన్నగంటి విత్తనములు నిద్రించుచుండును. తడి తగిలినంతనే విత్తకయే మొలచును. విత్తనము దొరకనివారు ముందుగా ఈ ఉపాయమును చూడవలెను.

నీరు తెచ్చు కాలువలో నడుమ ఒక తట్టెడు గులకరాళ్ళును, ఒక తట్టెడు ఇసుకయును పోసిన చిన్న గుంట యుండవలెను. జిడ్డు, మెతుకులు అచట ఆగును. సబ్బునీరు, సోడానీరు మొదటి కడుగుది మడిలోనికి రానీయక, జాడించిన నీటిని మాత్రమే మళ్ళించవలెను. ధర్మవరములో పట్టునకు రంగులద్దు ఇండ్లవారు అద్దకపు నీటిని ఎంతమాత్రము దీనికి విడువరాదు. మొక్క మాట అటుంచి, ఆ మడిలో కప్ప బ్రదుకదు.

ఇక దోమలు. ఈ విషయమున తేలికగా మాటలాడుటకు వీలులేదు. వేడి దినములలో దోమగ్రుడ్డు దోమయై ఎగురుటకు వారము పదిదినములు చాలును. కనుక మడిలో నీరు నిలిచి అద్దమువలె మెఱయరాదు. సాయంకాలము పారిన నీరు మరునాటికి ఇంకిపోయి, కాలు మోపిన అడుగుపడునంతటి బురద మాత్రమే మిగులవలెను. ఇంకనిచో మడి చిన్నదైనదనియో, నీరెక్కువైనదనియో గుర్తు. రెండవ మడి త్రవ్వి వంతులవారీగా పారించుడు. గొబ్బికి కావలసినది తడి గాని నిలువనీరు కాదు. చెరువులో లోతైన చోట అది మొలవకుండుటయే ఇందుకు సాక్ష్యము. పాత కుండలు, టైర్లు, మూతలేని తొట్లు ఇంటిచుట్టు వదలి, దోమలకు కారణము మొక్కయని నిందించువారిని మేము ఎఱుగుదుము. వారికి ఏమి చెప్పగలము!

విత్తుటకు పునర్వసు, పుష్యమి కార్తెలు అనుకూలము. మన ప్రాంతమున సెప్టెంబరులో వాన హెచ్చుగా కురియును. ఉత్తర, హస్త కార్తెలనాటికి మొక్క జానెడు దాటియుండవలెనన్నచో అప్పుడే విత్తవలెను. విత్తనమును తడిచేతితో ముట్టరాదు. ముట్టినచో ముద్దగట్టి ఒకేచోట పడును. పొడియిసుకతో కలిపి, బాగుగా తడిసిన మడిపై పలుచగా చల్లి, అఱచేతితో మెల్లగా అదుమవలెను. పైన మన్ను కప్పవలదు. మొలకలు నాలుగాకులు వేసిన తరువాత మూరెడున్నరకు ఒక్కటి చొప్పున నిలిపి, మిగిలినవానిని మన్నుతో సహా తీసి పొరుగువారికి ఇయ్యవచ్చును. పీకి పాఱవేయుట వలదు. లేత ఆకులను కూరగా వండుకొను వాడుక కొన్ని చోట్ల కలదు.

మొలకదశలో కోళ్ళు, మేకలు శత్రువులు. చుట్టును కంప నాటవలెను. సర్కారు తుమ్మ ఇంతకాలమునకు ఒక పనికి వచ్చును! కాయలు లేని కొమ్మలనే నఱికి తేవలెను సుమా. కాయ రాలినచో మడిలో గొబ్బికి బదులు తుమ్మ మొలచును.

మడి ముందరి అంచున పొన్నగంటి, గుంటగలగర నాటినచో నేల కప్పబడి తడి ఆరదు. పొన్నగంటి కూరకు వచ్చును. గుంటగలగర తెల్లని చిన్నపూలకు చిన్న ఈగలు, చిలుకలు మూగును. జమ్మును మాత్రము చిన్నమడిలోనికి రానీయరాదు. ఒక్క ఏటిలో అంతయు తానే యగును.

ఎచట పెంచరాదు

మంచి మొక్కకును తగని చోటు కలదు. వరిమడులలో, కాలువగట్లపై నీటిగొబ్బి కలుపు. కోతకూలీల కాళ్ళకు ముళ్ళు గ్రుచ్చుకొనును. ఆయకట్టు భూములకు ఎగువన, నీరు పొలములోనికి పారు కాలువవెంట దీనిని విత్తరాదు. ఇంటి మడి, బడి మడి, చెరువు పై అంచు, ఇవే దీనికి తావులు.

ఊదాపూలు పూచు ఎత్తైన తడిమొక్కలు ఇతరదేశములలోను కలవు. ఐరోపాలో వన్యప్రాణుల కొఱకు తోటలు పెంచువారు లిత్రము అను ఊదాపూల మొక్కను నీటి అంచున ప్రీతితో నాటుదురు. అది ఆ నేలదే కనుక అచటి తేనెటీగలకు విందు. అదే మొక్క సముద్రము దాటి ఉత్తర అమెరికా చేరి, దానిని తిను పురుగులు అచట లేకపోవుటచే చిత్తడినేలలను విస్తారముగా ఆక్రమించినది. దాని నరికట్టుటకు 1992 నుండి ఐరోపా పెంకుపురుగులను తెచ్చి విడువవలసివచ్చినది. మనకు ఇంత దూరపు సాక్ష్యము అక్కరలేదు. 1877లో జమైకా నుండి విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటిన తుమ్మయే నేడు మన చెరువులలో నిండియున్నది. పూలు ముచ్చటగా నున్నవని ఎవరో తెచ్చిన గుఱ్ఱపుడెక్క సంగతియు అందరెఱిగినదే. కనుక నీటిగొబ్బి విత్తనమును కూడ దూరపు అంగడి నుండి కాక దగ్గఱి చెరువునుండియే సేకరించుట మేలు. మీ ఊరి ఎండకు, మీ ఊరి నేలకు అలవాటుపడినది అదియే.

ఔషధము మాట అడుగువారుందురు. ఆయుర్వేదమున దీని వేరు, ఆకు, గింజ మూత్రవ్యాధులకును, వాపులకును వాడుదురు. అది వైద్యుని పని. పెరటిలో ఉన్నదిగదా యని కషాయము కాచి త్రాగుట, ముఖ్యముగా గర్భిణులును మూత్రపిండముల వ్యాధిగలవారును త్రాగుట ప్రమాదము. మురుగునీటి మడిలో పెరిగిన ఆకును కూరకుగాని మందునకుగాని వాడనే వాడరాదు; కూర కావలెనన్నచో శుభ్రమైన నీటి అంచున పెరిగినదానినే కోసికొనవలెను.

బడులలో ఈ పని మిక్కిలి సులభముగా సాగును. మధ్యాహ్న భోజనమైన పిమ్మట పిల్లలు చేతులు, పళ్ళెములు కడిగిన నీరు దినదినమును ఒకే చోట పారును. ఆ నీటితో రెండు మూడు మడులు నిలుచును. ఏ దినమున మొదటి పూవు విచ్చినది, ఏ చిలుక వచ్చినది, పురుగు ఎన్ని దినములకు గూడు కట్టినది అని తేదీలతో ఒక పుస్తకమున వ్రాయించినచో మూడు నాలుగేండ్లలో అది ఆ ఊరి ప్రకృతిచరిత్ర యగును. సెలవులలో నీరు ఆగును గాని అప్పటికి మొక్క గింజపట్టి ఎండియుండును.

గింజల సేకరణ మాఘము నుండి ఫాల్గునము వఱకు. కణుపులు గోధుమవన్నెకు తిరిగి, కాయలు గట్టిపడినప్పుడు ఉదయపు మంచు ఆరిన తరువాతనే కోయవలెను. కాయ తడిసినచో గింజ జిగురుగట్టి పనికిరాదు. మందపు గోనెసంచి చేతికి చుట్టుకొని, కొడవలితో కాండమును మొదట కోసి, గుడ్డపై ఆరబెట్టి కఱ్ఱతో కొట్టినచో గింజ రాలును. ఒక్కొక్క కాయలో ఎనిమిదికి మించి యుండవు గాని, మొక్కకు కాయలనేకము. పొడిబూడిదతో కలిపి మూతగల డబ్బాలో దాచవలెను. మూడింట ఒకపాలు మొక్కలను కోయక అట్లే నిలిపినచో వాని మొదళ్ళలో పురుగులు, కప్పలు వేసవి గడుపును. రాలిన గింజ మరుసటి వానకు తానే మొలచును. కోసిన ముళ్ళకాండములను కాల్చక, వచ్చు ఏడు మొలకల చుట్టు కంపగా వాడుకొనవచ్చును. డబ్బాలో మిగిలిన గింజలలో ఒక గుప్పెడు, చెరువు నిండి నీరు వెనుకకు తీయనారంభించిన దినములలో, పై అంచున బయటపడిన బురదపై చల్లి రావలెను.